వీరమాత జిజాబాయి

మహారాష్ట్ర దేశమున, పూర్వము ఔరంగాబాదని పిలువబడి నేడు ఛత్రపతి శంభాజీనగరమను పేర నున్న పట్టణమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున ఒక గిరిదుర్గము కలదు. ఒంటరిగా నిలిచిన కొండ. ఎగబ్రాకుటకు వీలులేకుండ నిలువుగా చెక్కిన రాతిచరియ. దాని చుట్టును లోతైన అగడ్త. లోనికి పోవుటకు చీకటి సొరంగము. ఇదియే దేవగిరి. 12వ శతాబ్ది చివర యాదవ వంశపు రాజైన ఐదవ భిల్లముడు దీనిని రాజధానిగా చేసికొనెను. ఆ వంశపు రాజులు మన కాకతీయులకు పొరుగువారు, పలుమారులు పగవారు కూడ. రుద్రమదేవి రాజ్యమునకు వచ్చిన తొలినాళ్లలో ఓరుగంటిపై దండెత్తి వచ్చి వెనుదిరిగిన మహాదేవుడు దేవగిరి ప్రభువే.

1296వ సంవత్సరమున అల్లాఉద్దీను ఖిల్జీ దేవగిరిని ముట్టడించి, రామచంద్ర యాదవుని ఓడించి, అపారమైన ధనమును కొనిపోయెను. 1318 నాటికి ఆ రాజ్యము పూర్తిగా అంతరించెను. అనంతరము ఢిల్లీ సుల్తానగు మహమ్మదు బిన్ తుగ్లకు ఆ కోటను తన రాజధానిగా చేయదలచి దానికి దౌలతాబాదను పేరు పెట్టెను. కోట చేతులు మారినది, పేరు మారినది. కాని రాజ్యముతో వంశము నశింపలేదు. యాదవ శబ్దమే మరాఠీ భాషలో జాదవ అయినది. దేవగిరి యాదవుల సంతతివారమని చెప్పుకొను జాదవ కుటుంబమొకటి విదర్భలోని సింద్‌ఖేడు గ్రామమున దేశముఖు పదవి వహించి, గౌరవముతో జీవించుచుండెను. ఆ యింట 1598వ సంవత్సరము జనవరి మాసమున లఖూజీ జాదవరావునకును, మాళసాబాయికిని ఒక కుమార్తె జన్మించెను. ఆమెయే జిజాబాయి.

ఆమె పుట్టునాటికి దక్షిణాపథమున మూడు సుల్తానుల రాజ్యములు ముఖ్యమైనవిగా నుండెను. అహమ్మదునగరమున నిజాంషాహీలును, విజాపురమున ఆదిల్‌షాహీలును, గోలకొండలో కుతుబ్‌షాహీలును ఏలుచుండిరి. ఉత్తరమునుండి మొగలాయీల సేనలు వింధ్యపర్వతమును దాటి వచ్చుచుండెను. మరాఠా సర్దారులు తమ గుర్రపుదండులతో ఈ ప్రభువులలో ఎవరో యొకరి కొలువున నుండెడివారు. పరాక్రమమున వారికి కొరత లేదు. కాని ఆ పరాక్రమము పరుల కొరకే వెచ్చమగుచుండెను. జాగీరు పెంచిన ప్రభువును చేరుటయు, అనుమానము కలిగిన నాడు మరియొకరిని ఆశ్రయించుటయు వారికి వాడుక. అందువలన మామయు అల్లుడును, అన్నయు తమ్ముడును ఎదురెదురు సేనలలో నిలిచి కత్తులు దూయుట కూడ ఆనాడు వింత కాదు. లఖూజీ జాదవరావు నిజాంషాహీ కొలువులోని గొప్ప సర్దారులలో నొకడు. అశ్వబలము, ధనము, దర్బారులో పలుకుబడి అతనికి సమృద్ధిగా నుండెను.

జిజాబాయి అత్తింటివారు భోంసలేలు. వారిది ఎల్లోరా గుహలకు చేరువనున్న వేరుళ గ్రామము. భోంసలే వంశమున మాలోజీ, విఠోజీ అను అన్నదమ్ములు వ్యవసాయదారుల కుటుంబమునుండి పైకి వచ్చి, నిజాంషాహీ సేనలో పేరు గడించిరి. మాలోజీ శివభక్తుడు, శిథిలమైన ఘృష్ణేశ్వరాలయమును బాగుచేయించెను. చిరకాలము సంతానము లేనందున అతడు అహమ్మదునగరములోని షాషరీఫను ముస్లిము మహాత్ముని దర్గాకు మ్రొక్కుకొనెననియు, తరువాత పుట్టిన కుమారులకు ఆయన పేరుననే శాహజీ యనియు, షరీఫ్‌జీ యనియు నామకరణము చేసెననియు చెప్పుదురు. మతములు వేరైనను మనసులు కలిసి మెలగిన ఆ కాలపు జనజీవనమునకు ఈ రెండు పేర్లే సాక్ష్యము.

వివాహమును గూర్చి బఖరులలో ఒక కథ కలదు. బఖరులనగా మరాఠీ భాషలోని చరిత్ర గ్రంథములు. ఒక హోలీ పండుగనాడు జాదవరావు మేడలో పెద్దలందరు కూడియుండగా, పసిపిల్లలైన జిజాబాయియు శాహజీయు రంగులు చల్లుకొనుచు ఆడుకొనిరట. జంట చక్కగా నున్నదని లఖూజీ పరిహాసమాడెను. మాలోజీ వెంటనే లేచి, సభవారు సాక్షులుగా ఈ సంబంధము నిశ్చయమైనదని ప్రకటించెను. తమకంటె తక్కువ హోదా గలవారితో వియ్యమా యని జాదవుల యింట కలకలము పుట్టెను. కాని మాలోజీ పట్టు విడువలేదు. క్రమముగా అతని హోదాయు పెరిగెను. తుదకు వివాహము జరిగెను. కథలోని వివరములెట్లున్నను, ధనబలమున జాదవులు పైవారు, భోంసలేలు కొత్తగా ఎదుగుచున్నవారు అనుట నిజము. ఆ యంతరము రెండిండ్ల నడుమ ముల్లువలె నిలిచిపోయెను.

కొంతకాలమునకు ఆ ముల్లు పుండైనది. ఒకనాడు నిజాంషాహీ దర్బారు ముగిసి సర్దారులు వెలికి వచ్చుచుండగా ఖండాగళే యను సర్దారుని ఏనుగు మదించి జనుల మీద పడెను. దానిని అణచుటకు లఖూజీ కుమారుడు దత్తాజీ ముందునకురికెను. విఠోజీ కుమారులు ఏనుగు పక్షము వహించిరి. అల్పమైన తగవు క్షణములో కత్తులదాక పోయెను. దత్తాజీ నేలగూలెను. కుమారుని మరణవార్త విని మరలివచ్చిన లఖూజీ ఉగ్రుడై విఠోజీ కుమారుడైన శంభాజీని వధించెను. అడ్డము వచ్చిన అల్లుడు శాహజీ కూడ గాయపడెనని బఖరులు చెప్పుచున్నవి. చనిపోయిన ఒకడు జిజాబాయికి తోబుట్టువు. మరియొకడు మగనికి పినతండ్రి కుమారుడు. ఏ యింటి శోకమునకు ఆమె కన్నీరు కార్చవలెను? ఇంతలో లఖూజీ నిజాంషాహీని విడిచి మొగలాయీల పక్షమున చేరెను. 1624లో భాత్వడీ యుద్ధమున శాహజీ, మలిక్ అంబరు నాయకత్వమున నిజాంషాహీ పక్షమున పోరి కీర్తి గాంచెను. అతని తమ్ముడు షరీఫ్‌జీ ఆ యుద్ధముననే మరణించెను. ఎదుటి పక్షమున నున్నవాడు జిజాబాయి తండ్రి. భర్త గెలిచిన దినము తండ్రి ఓడిన దినమే యయ్యెను.

తరువాత లఖూజీ మరల నిజాంషాహీ కొలువునకు వచ్చుటకు అంగీకరించెను. కాని రెండవ ముర్తజా నిజాంషా మనసులో అనుమానము పోలేదు. 1629వ సంవత్సరమున అతడు లఖూజీని దర్బారునకు పిలిపించెను. ప్రభువును దర్శించుటకు ఆయుధములు వీడి వచ్చిన ఆ వృద్ధ వీరుని, అతని కుమారులను, మనుమనిని సభలోనే మనుషులను పురికొల్పి చంపించెను. ఈ ఘాతుకము జరిగిన చోటు దౌలతాబాదు కోట. ఏ దేవగిరిని జాదవుల పూర్వులు ఏలిరో, ఆ దేవగిరిలోనే వారి సంతతివాడు పరుల సేవకుడై, నిరాయుధుడై, కుక్కచావు చచ్చెను. వంశగౌరవమెంత గొప్పదైనను, ఇతరుల దయపై బ్రతుకువానికి అది రక్షణ కాజాలదని ఇంతకంటె స్పష్టముగా తెలుపు సంఘటన యుండదు. జిజాబాయి తరువాతి జీవితమంతయు ఈ పాఠమునకు ఆమె ఇచ్చిన సమాధానమే.

ఈ హత్యతో శాహజీ కూడ నిజాంషాహీని వీడెను. మామతో ఎంత పగయున్నను, ఆ చావును అతడు సహింపలేదు. అప్పుడు జిజాబాయి నిండు గర్భిణి. పుట్టిన బిడ్డలలో పెక్కుమంది పసితనముననే పోగా, పెద్ద కుమారుడు శంభాజీ యొక్కడే పెరుగుచుండెను. చుట్టును యుద్ధము. శాహజీ ఆమెను జున్నరు పట్టణమున కెదురుగా నున్న శివనేరి దుర్గమున దిగవిడిచి తన దారిని పోయెను. అక్కడ 1630వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన ఆమెకు మరియొక కుమారుడు కలిగెను. పూర్వపు గ్రంథములలో 1627 అని కలదు గాని, నేడు మహారాష్ట్ర ప్రభుత్వము ఆమోదించినది ఈ తేదీయే. కోటలోని శివాయీ దేవి పేరున బిడ్డకు శివాజీ యని పేరు పెట్టిరని ప్రతీతి.

ఆ బిడ్డ పుట్టిన యేడే దక్షిణాపథమున ఘోరమైన కరవు వచ్చెను. 1630 మొదలు 1632 వరకు వానలు లేక, పంటలు లేక, ఊళ్లకు ఊళ్లు పాడుపడెను. సేనలు వచ్చి మిగిలిన గింజలను దోచుకొనిపోయెను. శాహజీ ఒకప్పుడు మొగలాయీలతో కలిసియు, మరియొకప్పుడు వారినెదిరించియు, నిజాంషాహీ వంశపు బాలునొకని సింహాసనమున నిలిపియు పోరాడుచుండెను. జిజాబాయి బిడ్డను చంకనిడుకొని ఒక కోటనుండి మరియొక కోటకు తిరుగుచుండెను. శివాజీ బాల్యమున చూచిన లోకమిది. తల్లి అతనికి రామాయణ భారత కథలను చెప్పెనని మనము చదువుదుము. ఆ కథలతో పాటు దౌలతాబాదు సభలో జరిగిన కథయు ఆ యింట మరపునకు రాని కథయే గదా!

1636లో నిజాంషాహీ రాజ్యము అంతరించెను. మాహులీ దుర్గమున ఓటమి నంగీకరించిన శాహజీ విజాపురపు కొలువున చేరెను. సుల్తాను అతనిని కర్ణాటకమునకు పంపెను. పూణె, సూపా ప్రాంతపు జాగీరు మాత్రము అతనికే మిగిలెను. జిజాబాయి శివాజీతో కూడ పూణెలో నివసించుటయు, దాదాజీ కొండదేవుడను అధికారి జాగీరు పాలించుటయు ఏర్పాటయ్యెను. శాహజీ తరువాత బెంగుళూరున స్థిరపడెను. రెండవ భార్య తుకాబాయియు, ఆమె కుమారుడు ఏకోజీయు అక్కడ అతని చెంత నుండిరి. జిజాబాయియు శివాజీతో కొంతకాలము బెంగుళూరునకు పోయివచ్చెను. అక్కడి రాజభోగములను ఆశింపక మరల పూణెకే చేరెను.

పూణె అనిన నేటి మహానగరమును తలపవలదు. అప్పటికి కొలది యేండ్ల క్రిందటనే విజాపురపు సేనాని మురారి జగదేవుడు ఆ ఊరిని తగులబెట్టించి, గాడిదలచే దున్నించి, ఇనుపగునపము పాతించెను. ఆ నేల శపింపబడినదనియు, అక్కడ కాపురముండరాదనియు దానికి అర్థము. జనులు భయపడి కొండలలోనికి పారిపోయిరి. ఇండ్లున్న చోట ముండ్లపొదలు మొలిచెను, తోడేళ్లు తిరుగుచుండెను. జిజాబాయి ఆ శాపమును లెక్కచేయలేదు. శివాజీ చేత బంగారు నాగలితో ఆ నేలను దున్నించి, మరల కాపురమునకు తగినదిగా చేసెనని పూణె ప్రజలు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. కసబా వినాయకుని ఆలయమును ఆమె నిలిపెను. తల్లీకొడుకుల నివాసమునకై లాల్‌మహలను భవనము వెలసెను. రాజకుటుంబమే వచ్చి కాపురముండుట చూచి రైతులు ఒక్కరొక్కరుగా మరలి వచ్చిరి.

వచ్చినవారిని నిలుపుటకు మాటలు చాలవు. తోడేళ్లను చంపినవారికి దాదాజీ బహుమతులిచ్చెను. బీడు సాగుచేసినవారికి తొలి సంవత్సరములలో నామమాత్రపు శిస్తు విధించి, పంట పెరిగిన కొలది పెంచెను. తోటలు నాటించెను. భూముల తగవులును, వతనుల తగవులును విచారణకు వచ్చినపుడు జిజాబాయి స్వయముగా విని తీర్పులు చెప్పెడిది. బాలుడైన శివాజీ ప్రక్కన కూర్చుండి వినెడివాడు. బలవంతుడు ఏమి చెప్పుచున్నాడు, బలహీనుడు ఏమి దాచుచున్నాడు, పత్రమేది, సాక్షి యెవడు అను విషయములను అతడు అక్కడ నేర్చెను. మావళ ప్రాంతపు కొండరైతుల బిడ్డలు అతనికి ఆటలలో తోడైరి. తరువాత వారే అతని సేన యైరి.

తోరణ దుర్గమును వశపరచుకొనుటతో శివాజీ స్వతంత్ర మార్గము ప్రారంభమయ్యెను. 1647లో దాదాజీ మరణించెను. మరుసటి యేడు తల్లీకొడుకులకు మొదటి కఠిన పరీక్ష వచ్చెను. కుమారుని చేష్టలకు తండ్రిని బాధ్యుని చేసి విజాపుర ప్రభువు జింజీ సమీపమున శాహజీని బంధింపజేసెను. కుమారుడు ముందుకు సాగినచో భర్త ప్రాణములకు అపాయము. భర్తను విడిపింపవలెనన్న కుమారుడు సంపాదించినది వదలవలెను. తుదకు శివాజీ కొండాణా దుర్గమును విడిచిపెట్టెను. 1649లో శాహజీ విడుదలయ్యెను. ఆ కోటను వదలిన బాధ జిజాబాయి మనసున చాలకాలము నిలిచెను. ఆ పిమ్మట కొలది యేండ్లకు పెద్ద కుమారుడు శంభాజీ కనకగిరి యుద్ధమున మరణించెను. సమయమునకు సాయము పంపక ఆ చావునకు కారకుడైనవాడు అఫ్జలుఖానని మరాఠాలు నమ్మిరి.

అదే అఫ్జలుఖాను 1659లో పెద్ద సేనతో శివాజీపై బయలుదేరెను. ఆ యేడు సెప్టెంబరులో శివాజీ భార్య సయీబాయి రాజగడమున కన్నుమూసెను. ఆమె కుమారుడు శంభాజీ రెండేండ్ల పసివాడు. చనిపోయిన పెద్ద కుమారుని పేరే ఆ మనుమనికి పెట్టబడినది. ఒక ప్రక్క తల్లిలేని బిడ్డ ఒడిలో నుండగా, మరియొక ప్రక్క మిగిలిన ఒక్క కుమారుడు మృత్యుముఖమునకు పోవుచుండగా, అరువది దాటిన ఆ వృద్ధురాలు అతనిని వారింపలేదు. ఆశీర్వదించి పంపెను. తనకేమైనను జరిగినచో మనుమని పేర రాజ్యము నడుపవలసినది ఆమెయేనని శివాజీ ఏర్పాటు చేసి వెడలెను. నవంబరు 10వ తేదీన ప్రతాపగడము క్రింద అఫ్జలుఖాను హతుడయ్యెను.

కాని ఆపదలు తీరలేదు. 1660లో శివాజీ పన్హాళ దుర్గమున నెలల తరబడి చిక్కువడెను. అతనిని విడిపించుటకు జిజాబాయి తానే సేనతో బయలుదేర సిద్ధపడెనని పరమానందకవి రచించిన శివభారతమను సంస్కృత కావ్యము వర్ణించుచున్నది. అదే సమయమున మొగలాయి సేనాని షాయిస్తాఖాను పూణెను ఆక్రమించి, లాల్‌మహలులోనే బస చేసెను. ఆమె శూన్యమునుండి నిలిపిన ఊరు, కొడుకును పెంచిన ఇల్లు మూడేండ్లు పరుల చేతిలో నుండెను. 1663 ఏప్రిలులో శివాజీ కొలదిమందితో రాత్రివేళ ఆ యింటిలోనికే చొచ్చి ఖానుపై పడెను. ప్రతి గోడయు, ప్రతి వాకిలియు బాల్యమునుండి ఎరిగిన వానికి చీకటి అడ్డు కాలేదు. వ్రేళ్లు తెగిన ఖాను ప్రాణములతో బయటపడి పూణెను వీడిపోయెను.

1664 జనవరిలో కర్ణాటకమునందలి హోదిగెరె సమీపమున వేటాడుచు శాహజీ గుర్రముమీదినుండి పడి మరణించెను. ఆ వార్త విని జిజాబాయి సహగమనమునకు నిశ్చయించుకొనెను. భర్తతో ఆమె కలిసియున్న దినములు తక్కువ. అతని యింట మరియొక భార్యయు ఉండెను. అయినను ఆ కాలపు ధర్మము ఆమె యెదుట నిలిచెను. శివాజీ తల్లి పాదములను పట్టుకొని, ఆమె లేనినాడు తన పరాక్రమమును చూచువారెవరని విలపించి, ఎంతో ప్రయాసమున ఆ నిశ్చయమును మాన్పించెను. పట్టుదలకు పేరుపొందిన ఆమె తన నిర్ణయమును మార్చుకొనిన సందర్భమిది. చితిలో సమసిపోవుటకంటె, మోయవలసిన భారమును మోయుటకు బ్రతికియుండుటయే ధర్మమని ఆమె గ్రహించెను.

ఆ భారము త్వరలోనే ఆమెపై పడెను. 1665లో రాజా జయసింగుతో పురందరమున జరిగిన సంధి ప్రకారము శివాజీ 23 కోటలను మొగలాయీలకు ఒప్పగింపవలసి వచ్చెను. అందు కొండాణా ఒకటి. 1666 మార్చిలో అతడు తొమ్మిదేండ్ల శంభాజీని వెంటగొని ఆగ్రాకు బయలుదేరెను. ఔరంగజేబు వారిని అక్కడ నిర్బంధములో నుంచెను. కొడుకును మనుమడును శత్రువు చేతిలో నుండిరి. దౌలతాబాదు దర్బారునకు పోయిన తండ్రి తిరిగి రాలేదు. ఆగ్రా దర్బారునకు పోయిన కుమారుడు తిరిగి వచ్చునా? ఇట్టి స్థితిలో సుమారు డెబ్బదేండ్ల జిజాబాయి రాజగడమున కూర్చుండి, మోరోపంతు పింగళే మొదలగు మంత్రుల సాయముతో రాజ్యమును నడిపెను. కోటలలో కాపలా సడలలేదు, పాలన కుంటువడలేదు. ఆగస్టు నెలలో శివాజీ తప్పించుకొని, కుమారుని మథురలో నమ్మకస్థుల యొద్ద నుంచి, రహస్య మార్గములలో ప్రయాణము చేసెను. సన్యాసి వేషముతో వచ్చి తన పాదములపై పడినవానిని ఆమె తొలుత గుర్తింపలేకపోయెనని చెప్పుదురు.

ఒప్పగించిన కోటలలో కొండాణా పూణెకు కాపలా వంటిది. అది పరుల చేతిలో నుండుటను జిజాబాయి సహింపలేకపోయెను. దానిని తెచ్చియిమ్మని ఆమెయే కుమారుని కోరెనని మరాఠీ వీరగాథలు పాడుచున్నవి. తానాజీ మాలుసరే తన కుమారుని పెండ్లి పనులను నిలిపివేసి ఆ కార్యమునకు పూనుకొనెను. 1670 ఫిబ్రవరి 4వ తేదీ రాత్రి మరాఠాలు నిటారైన చరియను ఎగబ్రాకి కోటను గెలిచిరి. తానాజీ మాత్రము మరణించెను. భర్త విడుదలకొరకు ఒకమారు, సంధికొరకు ఒకమారు వదలిన కోట మరల వశమయ్యెను. కాని దాని వెల తన కుమారునికి బాల్యస్నేహితుడైనవాని ప్రాణమని ఆమె కన్నీటితో తెలిసికొనెను.

1674వ సంవత్సరము జూను 6వ తేదీన రాయగడమున శివాజీకి పట్టాభిషేకము జరిగెను. కాశీనుండి వచ్చిన గాగాభట్టు పండితుడు ఆ కార్యమును నడిపించెను. భోంసలేలు మేవాడు సిసోదియా రాజపుత్రుల సంతతివారని ఆ సందర్భమున వంశావళి ప్రకటింపబడెను. రాజగుటకు ఉన్నతవంశము కావలెనని నాటివారి నమ్మకము. జిజాబాయి ఆ వేడుకను కన్నులార చూచెను. రాజవంశమున జన్మించితిమని చెప్పుకొనుచు పరులను సేవించిన పుట్టినింటిని ఆమె యెరుగును. ఏ వంశావళియు లేకుండ కత్తిబలమున పైకి వచ్చిన అత్తింటిని కూడ ఆమె యెరుగును. ఆ రెండిండ్ల పగను తన కడుపులో దాచుకొని, రెండిండ్ల శౌర్యమును ఒక్క కుమారునియందు కూర్చినది ఆమెయే. ఆమె తండ్రియు భర్తయు చిరకాలము సుల్తానుల యెదుట తలవంచి నిలిచిరి. ఆమె కుమారుడు ఛత్రపతి యయ్యెను.

పట్టాభిషేకమైన కొలది దినములకే, జూను 17వ తేదీన, జిజాబాయి కన్నుమూసెను. అప్పటికి ఆమెకు 76 ఏండ్లు. రాయగడము పైని చలిగాలి ముదిమికి సరిపడనందున, కొండ దిగువనున్న పాచాడు గ్రామమున శివాజీ ఆమెకు ఒక భవనము కట్టించియుండెను. ఆమె చివరి శ్వాస విడిచినది అక్కడనే. ఆమె సమాధి నేటికిని ఆ ఊరిలో కలదు. పుట్టిన సింద్‌ఖేడున, నేడు సింద్‌ఖేడ్ రాజా యని పిలువబడు పట్టణమున, ఆమె తండ్రి లఖూజీ సమాధియు నిలిచియున్నది.

ఆమె మరణించిన మూడేండ్లకు, 1677లో, శివాజీ గోలకొండకు వచ్చి అబుల్‌హసను కుతుబ్‌షాతోను, అతని మంత్రియైన మాదన్నతోను స్నేహము చేసెను. పిమ్మట శ్రీశైల మల్లికార్జునుని సేవించుకొని దక్షిణమునకు సాగెను. శాహజీ రెండవ భార్య కుమారుడైన ఏకోజీ తంజావూరున రాజ్యము స్థాపించెను. అతని కుమారుడు తాత పేరు పెట్టుకొన్న శాహజీ మహారాజు. అతడు తెలుగున యక్షగానములు రచించి మన సాహిత్యమున స్థానము పొందెను. ఈ విధముగా వేరుళ గ్రామపు కుటుంబ చరిత్ర తెలుగువారి చరిత్రతోను పెనవేసికొనినది.

వంశచరిత్రమును తలచుకొనుటలో తప్పు లేదు. పూర్వుల గొప్పతనము మనకు బలము నీయవచ్చును. కాని జిజాబాయి పూర్వుల పేరు చెప్పుకొని తృప్తిపడలేదు. దేవగిరిని తలచి నిట్టూర్చుచు కూర్చుండలేదు. గునపము పాతిన నేలను దున్నించి ఊరు నిలిపెను. వదలిన కోటను మరల కోరెను. తాను పుట్టిన యింటి కీర్తిని అడుగక, తాను నిలిపిన యింటిని బట్టియే లోకము ఆమెను నేటికిని తలచుచున్నది. రాయగడమును ఎక్కుటకు పోవు యాత్రికులు తొలుత పాచాడులో ఆగి, ఆ తల్లి సమాధికి నమస్కరించి, ఆ తరువాతనే కుమారుని సింహాసనమున్న చోటునకు మెట్లెక్కుదురు.